పగలగొట్టిన కాంక్రీట్‌తోనే మళ్లీ రోడ్డు: రీసైకిల్ కంకర, ఫైబర్ కలిపి సీసీ రోడ్డు ఎలా వేయాలి

పాత సీసీ రోడ్డు పగలగొట్టేటప్పుడు ఎప్పుడైనా నిలబడి చూశారా? జేసీబీ పెళ్లలు పెళ్లలుగా లేపుతుంది, ట్రాక్టర్లలోకి ఎత్తుతారు, ఆ ట్రాక్టర్లు ఎటు పోతున్నాయో ఎవరూ అడగరు, చాలాసార్లు ఊరి చివర చెరువు శిఖంలోనో నాలా గట్టు మీదో కుప్ప పడతాయి. అదే రోజు ఇంకో పక్క నుంచి క్వారీ లారీలు గుట్టను తొలిచిన కొత్త కంకర మోసుకొస్తుంటాయి, అదే రోడ్డుకి. పారేసిన పెళ్లల్లో కూడా సగానికి పైగా ఉన్నది కంకరా ఇసుకే, అది ఎవరికీ గుర్తుండదు.

ఆ పెళ్లల్ని క్రష్ చేసి, ఫైబర్ (కాంక్రీట్‌లో కలిపే సన్న పోగులు) కలిపి, మళ్లీ రోడ్డుకే ఎలా వాడాలో ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చెప్తా. ముందే ఒక మాట, ఈ పనిలో ఫెయిలైన చోట్ల ఎక్కువగా నేను చూసింది ఫైబర్ తప్పో కంకర బలం తప్పో కాదు, నీళ్ల లెక్క తప్పు. రీసైకిల్ కంకరకి దాహం ఎక్కువ. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది ఏ రోడ్డుకి పనికొస్తుంది

ఊళ్లో లోపలి వీధులు, కాలనీ రోడ్లు, పొలం దారులు, చిన్న ఫ్యాక్టరీల లోపలి రోడ్లు. వీటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వాళ్ల ఎస్‌పీ 62 అనే గైడ్‌లైన్ ఉంది (2014 ఎడిషన్), రోజుకి 450 కమర్షియల్ వాహనాల లోపు తిరిగే రోడ్లకి అది. నేషనల్ హైవేకి వేసే ఎం40 స్లాబ్ (ఎం పక్క అంకె కాంక్రీట్ బలం, ఎంపీఏల్లో) సంగతి వేరు, దాని జోలికి ఇక్కడ పోవట్లేదు. లెక్కలకి ఒక ఉదాహరణ పెట్టుకుందాం: 100 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 150 ఎంఎం మందం, గ్రేడ్ ఎం30. అంటే 52.5 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్.

రూల్స్ విషయానికొస్తే, కంకర ఇసుకలకి మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 383 ని 2016లో మార్చినప్పుడు రీసైకిల్ కంకరని లోపలికి రానిచ్చారు, కానీ రెండు రకాలుగా విడగొట్టారు. అచ్చంగా కాంక్రీట్‌నే పగలగొట్టి తీసింది ఒకటి, ఇటుక గోడ, ప్లాస్టరింగ్, కాంక్రీట్ అన్నీ కలిసిపోయింది ఇంకోటి. మొదటిది రాడ్లు లేని ప్లెయిన్ కాంక్రీట్‌లో మొత్తం కంకరలో 25 శాతం దాకా, రాడ్లున్న కాంక్రీట్‌లో 20 శాతం దాకా (అదీ ఎం25 వరకే), ఎం15 కంటే తక్కువ ఉండే, సిమెంట్ తక్కువ వేసే లీన్ కాంక్రీట్‌లో అయితే 100 శాతం వాడొచ్చు. రెండోదానికి లీన్ కాంక్రీట్ ఒక్కటే గతి. రోడ్లకి ప్రత్యేకంగా ఐఆర్‌సీ 121 (2017) ఉంది, ఫైబర్ కాంక్రీట్ పేవ్‌మెంట్లకి ఐఆర్‌సీ ఎస్‌పీ 46 ఉంది. పంచాయతీరాజ్ పనో మున్సిపల్ పనో అయితే ఈ నంబర్లు పట్టుకుని ముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారితో కూర్చోండి, ఎస్టిమేట్‌లో లేని మెటీరియల్ సైట్‌లో దింపి తర్వాత బిల్లు కోసం తిరగడం ఎందుకు.

అసలు రీసైకిల్ కంకరనీ ఫైబర్‌నీ ఎందుకు కలపడం

పాత కంకర రాయి చుట్టూ పాత సిమెంట్ సున్నంలా అంటుకుని ఉంటుంది. దానికి సన్న రంధ్రాలు, క్రషర్‌లో పడ్డప్పుడు వచ్చిన సన్న పగుళ్లు. అందుకే నీళ్లు పీలుస్తుంది, ఆరేటప్పుడు ఆ కాంక్రీట్ కొంచెం ఎక్కువ ముడుచుకుంటుంది, రాపిడికి కొంచెం తొందరగా అరుగుతుంది. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. సీసీ రోడ్డులో జాయింట్ కింద పగులు వచ్చాక ఒక పలక మీది బరువు పక్క పలకకి వెళ్లేది ఆ పగులులో రాళ్లు ఒకదానికొకటి పళ్లలా ఇరుక్కోవడం వల్లే. గట్టి గ్రానైట్ అయితే పళ్లు నిలబడతాయి, పాత మోర్టార్ అంటిన రాయి అయితే అరిగిపోతాయి. ఫైబర్ చేసే మేలు సరిగ్గా అక్కడే, పగులుని వెడల్పు కానివ్వకుండా రెండు వైపులా కుట్టినట్టు పట్టి ఉంచుతుంది, పగులు సన్నగా ఉన్నంతకాలం పళ్లు పట్టు వదలవు.

ఫైబర్ వేస్తే పగుళ్లే రావని అమ్మేవాళ్లు చెప్తారు, నమ్మకండి. వస్తాయి, కాకపోతే నోరు తెరవవు. అలాగే ఫైబర్ వేశాం కదా అని మందం 150 నుంచి 100కి దింపేయడం, జాయింట్లు కట్ చేయకపోవడం, ఇవి ఆ ఫైబర్ డబ్బులు కూడా దండగ చేసే పనులు.

ఇనుము తుప్పు భయం కూడా ఇక్కడ తక్కువ. బిల్డింగ్ కాలమ్‌లో రీసైకిల్ కంకర అంటే లోపలి రాడ్ల గురించి ఆలోచించాలి, రోడ్డు పలకలో రాడ్లే ఉండవు. అందుకే ఈ మెటీరియల్‌కి రోడ్డే సరైన చోటు అని నా ఉద్దేశం.

మొదటి పని: శిథిలాలు ఎక్కడివో తెలుసుకోవడం

అన్నిటికంటే మంచిది పాత సీసీ రోడ్డు పెళ్లలు, లేదా కూల్చిన బిల్డింగ్ స్లాబులు, కాలమ్‌లు, ఫుటింగులు. మొత్తం ఇంటిని ఒకేసారి కూల్చి కుప్ప పోసిన డెబ్రీ వద్దు, అందులో ఇటుక, టైల్స్, చెక్క, థర్మోకోల్, ఫాల్స్ సీలింగ్ పీఓపీ అన్నీ ఉంటాయి. వీటిలో ప్రమాదకరమైంది పీఓపీ, జిప్సం కదా, సల్ఫేట్, సిమెంట్‌తో కలిసి తర్వాతెప్పుడో లోపల ఉబ్బి కాంక్రీట్‌ని చీలుస్తుంది. చేత్తో ఏరించండి. ఇద్దరు కూలీల రోజు పని అది, దాన్ని ఆదా చేయడానికి చూడొద్దు. కెమికల్ ఫ్యాక్టరీ ఫ్లోరింగ్, ఎరువుల గోడౌన్ ఫ్లోరింగ్ లాంటివి అస్సలు తీసుకోవద్దు.

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకి పని సులువు, జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాల రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి రోజుకి 500 టన్నుల కెపాసిటీతో కట్టినవి. దేశంలో ఇలాంటి మొదటి ప్లాంట్ ఢిల్లీ బురాడీలో 2009లో వచ్చింది. ప్లాంట్ నుంచి తెచ్చుకుంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఇది అచ్చం కాంక్రీట్ కంకరా, కలగలుపా? కుప్పలో ఎర్ర ముక్కలు ఎక్కువగా కనిపిస్తే జవాబు చెప్పక్కర్లేదు.

ప్లాంట్ దూరమైతే మొబైల్ క్రషర్. ముందు జా క్రషర్, తర్వాత ఇంపాక్ట్ క్రషర్, మధ్యలో రాడ్ ముక్కలు లాగడానికి మ్యాగ్నెట్. ఇంపాక్ట్ క్రషర్‌లో రెండోసారి పడితే అంటుకున్న పాత మోర్టార్ చాలావరకు ఊడిపోతుంది, ఆ తేడా తర్వాత నీళ్ల టెస్టులో స్పష్టంగా కనిపిస్తుంది. 20 ఎంఎం, 10 ఎంఎం సైజులు జల్లెడ పట్టండి. 4.75 ఎంఎం కంటే సన్నది పక్కకి తీసేయండి, దాన్ని ఇసుకగా వాడొచ్చని కోడ్ ఒప్పుకుంటుంది గానీ, పీల్చే గుణం ఆ సన్నపొడిలోనే ఎక్కువ, స్లాబ్‌లో నేనైతే వాడను, కింద బేస్‌లో వేస్తాను.

రెండో పని: కంకరకి మూడు పరీక్షలు

ల్యాబ్‌కి పంపినా పంపకపోయినా నీళ్లు పీల్చే పరీక్ష మాత్రం మీరే చేయండి, ఇంట్లో తూకం మిషన్ చాలు. రెండు కేజీల కంకర కడిగి, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి తూచండి, 24 గంటలు నీళ్లలో నానేయండి, తీసి గుడ్డతో ఒత్తి పైన తడి మెరుపు పోయేదాకా తుడిచి మళ్లీ తూచండి. 2,000 గ్రాములది 2,100 అయితే 5 శాతం. మన గ్రానైట్ కంకర మామూలుగా ఒక శాతం లోపే ఉంటుంది. రీసైకిల్ కంకర 3 నుంచి 8 మధ్య ఎక్కడైనా రావచ్చు. కోడ్ ప్రకారం మామూలు హద్దు 5, ముందుగా తడిపి వాడేటట్టయితే 10 దాకా ఒప్పుకుంటారు. రోడ్డు స్లాబ్‌కి నా సొంత హద్దు మాత్రం 6, అది దాటితే కిందకి, బేస్‌లోకి.

రెండోది ఇంపాక్ట్ వాల్యూ, అంటే దెబ్బలకి రాయి ఎంత పొడి అవుతుందో. సుమారు 14 కేజీల సుత్తి, 380 ఎంఎం ఎత్తు నుంచి 15 దెబ్బలు, 2.36 ఎంఎం జల్లెడ కింద ఎంత పొడి పడిందో చూస్తారు. టైర్లు నేరుగా తిరిగే పై పొరకి 30 శాతం దాటకూడదు. మూడోది స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో), 2.3 నుంచి 2.5 మధ్య వస్తుంది, మిక్స్ లెక్కకి ఇది కావాలి, గ్రానైట్ అంకె వేసేస్తే క్యూబిక్ మీటర్ లెక్క తప్పుతుంది.

ప్రతి కొత్త లాట్‌కీ ఈ పరీక్షలు మళ్లీ చేయాల్సిందే. క్వారీ కంకర ఏడాదంతా ఒకేలా ఉంటుంది, శిథిలాలు అలా ఉండవు, నిన్నటి లోడు ఎవరిదో పాత వాటర్ ట్యాంక్, ఇవాళ్టిది ఎవరిదో పాత కాంపౌండ్ గోడ.

మూడో పని: ఏ ఫైబర్

మార్కెట్లో పాలీప్రొపిలీన్‌వే రెండు రకాలు, రెండిటికీ పేరు ఒకటే కావడంతో గందరగోళం. 12 ఎంఎం వెంట్రుకల్లాంటి మైక్రో ఫైబర్, క్యూబిక్ మీటర్‌కి 900 గ్రాములు వేస్తారు, ఇది పోసిన మొదటి కొన్ని గంటల్లో ఎండకి గాలికి వచ్చే సన్న పగుళ్లని ఆపడానికి మాత్రమే. రోడ్డు గట్టిపడ్డాక పగులుని పట్టి ఉంచేది మాక్రో ఫైబర్, 40 నుంచి 60 ఎంఎం పొడవు, చీపురు పుల్లని కత్తిరించినట్టు గట్టిగా ఉంటుంది, డోసు 3 నుంచి 6 కేజీలు. షాపులో 900 గ్రాముల ప్యాకెట్ చేతిలో పెట్టి ఇదే రోడ్డుకి సరిపోతుందంటే నవ్వి బయటికి రండి.

స్టీల్ ఫైబర్ అయితే చివర వంపున్నవి 50, 60 ఎంఎం, 20 నుంచి 40 కేజీలు వేస్తారు. బలంలో అదే మేలు. కానీ పైకి తేలినవి తుప్పు మరకలు పెడతాయి, పిల్లలు చెప్పుల్లేకుండా ఆడే వీధిలో, సైకిళ్లు తిరిగే చోట నేను వాడను. లారీలు తిరిగే యార్డుకి అదే వాడండి. గ్లాస్ ఫైబర్ వాడేట్టయితే క్షారాన్ని తట్టుకునే ఏఆర్ రకమే తీసుకోవాలి, మామూలు గాజు పోగు సిమెంట్‌లో తినేయబడుతుంది. కోనసీమ వైపు వాళ్లు కొబ్బరి పీచు సంగతి అడుగుతారు. పీచు కూడా సిమెంట్ క్షారంలో కొన్నేళ్లకి బలం పోగొట్టుకుంటుంది, స్లాబ్‌లో దాని మీద ఆధారపడొద్దు, అదే పీచుతో నేసిన కాయిర్ జియోటెక్స్‌టైల్ మెత్తటి నేల మీద రోడ్డు అడుగున పరవడానికి చక్కగా పనికొస్తుంది, గ్రామీణ సడక్ యోజన రోడ్లలో దానికి అనుమతి కూడా ఉంది.

పర్యావరణం అంటూ ప్లాస్టిక్ పోగులు కలపడమేంటని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. రోడ్డు అరిగినప్పుడు కొంచెం ప్లాస్టిక్ బయటికి వస్తుంది, మళ్లీ పగలగొట్టినప్పుడు పోగులు విడదీయడం కష్టం. దానికి ఎదురుగా రోడ్డు ఎక్కువ ఏళ్లు నిలబడటం ఉంది. నా దగ్గర దీనికి తేలిగ్గా తేలే జవాబు లేదు, డోసు అవసరానికి మించి వేయకపోవడం ఒక్కటే చేస్తాను.

నాలుగో పని: మిక్స్

ఎం30కి టార్గెట్ బలం (హెచ్చుతగ్గులు వస్తాయని కొంచెం పైన పెట్టుకునేది) 30 ప్లస్ 1.65 ఇంటూ 5, అంటే 38.25 ఎంపీఏ. ఇది నేను మొదలుపెట్టే పాయింట్, ఒక క్యూబిక్ మీటర్‌కి: పీపీసీ (ఫ్లై యాష్ బూడిద కలిసిన) సిమెంట్ 380 కేజీలు, నీళ్లు 160 లీటర్లు, రోబో శాండ్ 720 కేజీలు, కొత్త కంకర 830 కేజీలు (20 ఎంఎం, 10 ఎంఎం కలిపి), రీసైకిల్ కంకర 245 కేజీలు, మాక్రో ఫైబర్ 4.4 కేజీలు, సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా మాల్‌ని జారేలా చేసే మందు) సిమెంట్‌లో 0.8 శాతం దగ్గర. నీళ్లు బై సిమెంట్ 0.42. రీసైకిల్ వాటా మొత్తం కంకరలో దాదాపు 23 శాతం, కోడ్ హద్దు లోపలే. ఇసుక కొంచెం ఎక్కువ పెట్టాను, ఫైబర్ చుట్టూ పేస్ట్ ఉండాలి కదా. కంకర తూకాలన్నీ లోపల నీళ్లు నిండి పైన పొడిగా ఉన్న స్థితిలోవి.

సైట్‌లో మిల్లర్ (మిక్సర్) పెట్టి బస్తా లెక్కన కలిపేవాళ్లకి, ఒక బస్తా సిమెంట్‌కి: నీళ్లు 21 లీటర్లు, ఇసుక 95, కొత్త కంకర 109, రీసైకిల్ కంకర 32 కేజీలు, ఫైబర్ 580 గ్రాములు. ఫైబర్‌ని ముందు రోజు సాయంత్రమే 580 గ్రాముల కవర్లుగా కట్టించి పెట్టుకోండి. మన ఉదాహరణ రోడ్డుకి మొత్తం 400 బస్తాల సిమెంట్, 231 కేజీల ఫైబర్, సుమారు 13 టన్నుల రీసైకిల్ కంకర పడుతుంది.

సిమెంట్ గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. రీసైకిల్ కంకర వాడుతున్నాం, ఎందుకైనా మంచిదని రెండు బస్తాలు ఎక్కువ వేయడం మన మేస్త్రీలకి అలవాటు. ఒక టన్ను ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంట్) తయారవడానికి సుమారు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కంకర తవ్వడంలో, క్రష్ చేయడంలో వచ్చేది దీని ముందు చాలా చిన్నది. అంటే సిమెంట్ పెంచి రీసైకిల్ చేశాం అనుకుంటే పర్యావరణానికి నష్టమే చేసినట్టు. బలం తగ్గితే ముందు నీళ్లు తగ్గించి ప్లాస్టిసైజర్ సర్దండి. రామగుండం, విజయవాడ థర్మల్ ప్లాంట్ల బూడిద ఉండనే ఉంది, ఫ్లై యాష్ కలిసిన పీపీసీ వాడటం అందుకే.

ఐదో పని: కింద బేస్

స్లాబ్‌లోకి పోయింది 13 టన్నులే, లెక్క చూశారుగా. ఒక వంద మీటర్ల పాత రోడ్డు పగలగొడితే వచ్చేది దానికి పదింతలు. మిగతాది ఏం చేయాలి? నిజమైన రీసైక్లింగ్ ఇక్కడ జరగాలి, స్లాబ్ కింద. 4 మీటర్ల వెడల్పున 100 ఎంఎం మందం బేస్ వేస్తే 40 క్యూబిక్ మీటర్లు, రమారమి 80 టన్నులు ఇక్కడే ఇమిడిపోతాయి. దుమ్ము, సన్నం, పెద్దది అన్నీ కలిపి గ్రేడింగ్ కుదిరేలా చేసి, తడిపి, రోలర్ తొక్కించండి. లేదా 100 శాతం రీసైకిల్ కంకరతో లీన్ కాంక్రీట్ పోయండి. ఫొటోలకి పైనున్న ఫైబర్ స్లాబే కనిపిస్తుంది గానీ టన్నులు తగ్గేది కింద. బేస్ మీద 125 మైక్రాన్ల పాలిథిన్ షీట్ పరవండి, పైన పోసిన కాంక్రీట్ నీళ్లు కిందికి పోకుండా.

ఆరో పని: దాహం తీర్చడం

అసలు విషయం ఇదే. మా దగ్గర మొదటిసారి వేసినప్పుడు ఏం జరిగిందో చెప్తా. ఏప్రిల్ నెల, కంకర రెండు వారాలు ఎండలో పడుంది, చేత్తో ముట్టుకుంటే కాలుతోంది. అలాగే మిల్లర్‌లో వేశారు. బయటికి వచ్చినప్పుడు బాగానే ఉంది, పది నిమిషాల్లో మాల్ బిగుసుకుపోయింది. కూలీలకి తెలిసిన మందు ఒకటే, బకెట్. తర్వాత మిల్లర్‌కి సగం బకెట్ ఎక్కువ కొట్టారు, నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి నలభై మీటర్లు అయిపోయింది. మూడు నెలల్లో ఆ నలభై మీటర్లు మాత్రం పైన పిండి రాలడం మొదలైంది, మిగతా అరవై బాగానే ఉంది.

లెక్క చూడండి. బస్తాకి 32 కేజీల రీసైకిల్ కంకర, 5 శాతం పీల్చితే 1.6 లీటర్లు, రెండు చెంబులు అనుకోండి. కంకర తాగింది ఆ రెండు చెంబులే. కూలీ పోసింది ఆరు ఏడు లీటర్లు. 0.42 ఉండాల్సింది 0.5 దాటిపోయింది.

కాబట్టి పోయడానికి ముందు రోజు నుంచే కుప్ప మీద డ్రిప్ పైపో స్ప్రింక్లరో పెట్టి 24 గంటలు తడపండి, మీద గోనె సంచులు కప్పండి. పోయడానికి రెండు మూడు గంటల ముందు నీళ్లు ఆపి కిందికి కారనివ్వండి. గుప్పెడు కంకర పట్టుకుంటే చల్లగా తడిగా ఉండాలి, అరచేతిలో నీళ్లు నిలవకూడదు. కుప్ప అడుగు నుంచి తీసింది ఎప్పుడూ ఎక్కువ తడిగా ఉంటుంది, అడుగు ఒక జానెడు వదిలేయండి. అయినా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి శాంపిల్ తీసి, పెనం మీద వేయించి తేమ ఎంతుందో చూడండి. కంకరలో తేమ 2 శాతమే ఉండి పీల్చేది 5 శాతం అయితే 32 కేజీలకి ఇంకో లీటరు దాకా తాగుతుంది, ఆ లీటరు కలపండి. తేమ 7 ఉంటే అర లీటరుకి కొంచెం పైన తగ్గించండి. ఇలా తడిపిన కంకరతో ఒక లాభం కూడా ఉంది, లోపల దాచుకున్న నీళ్లని తర్వాత రోజుల్లో మెల్లగా వదులుతుంది, కాంక్రీట్‌కి లోపల్నుంచి క్యూరింగ్ అన్నమాట.

మిల్లర్‌లో వేసే వరుస కూడా ముఖ్యం. ముందు కంకర, ఇసుక వేసి ఒక నిమిషం తిప్పండి, సగం నీళ్లు పోసి ఇంకో నిమిషం, అప్పుడు సిమెంట్ వేసి అర నిమిషం, ఆ తర్వాత మిగతా నీళ్లు ప్లాస్టిసైజర్‌తో కలిపి పోసి రెండు నిమిషాలు. దీన్ని రెండు దశల మిక్సింగ్ అంటారు. సగం నీళ్లప్పుడు చిక్కటి సిమెంట్ పేస్ట్ పాత రాయి చుట్టూ పూతలా పట్టి, దాని రంధ్రాల్ని పగుళ్లని మూసేస్తుంది. అంతా అయ్యాక మిల్లర్ తిరుగుతుండగానే ఫైబర్ చల్లండి, ఉప్మా రవ్వ పోసినట్టు ఒక చేత్తో కొంచెం కొంచెంగా. ఖాళీ డ్రమ్ములో ముందే ఫైబర్ పడేస్తే ఉండలు కడతాయి, ఒకసారి ఉండ కట్టాక ఎంత తిప్పినా విడిపోదు. ఆర్‌ఎంసీ (ప్లాంట్‌లో కలిపి తెచ్చే రెడీమిక్స్) లారీ అయితే ఫైబర్ వేశాక ఫుల్ స్పీడ్‌లో కనీసం ఐదు నిమిషాలు తిప్పించండి.

ఫైబర్ వేయగానే స్లంప్ (కోన్ తీశాక మాల్ ఎన్ని ఎంఎం కిందికి జారిందో ఆ కొలత) పడిపోయినట్టు కనిపిస్తుంది. 75 ఉన్నది 45 చూపిస్తుంది. భయపడి నీళ్లు పోయొద్దు, కోన్‌లో బిగుసుగా కనిపించేదే వైబ్రేటర్ తగిలితే జారుతుంది. మరీ కష్టమైతే ప్లాస్టిసైజర్ మాత్రమే. బకెట్‌ని మిల్లర్ దగ్గర్నుంచి తీయించేయండి, నిజంగా చెప్తున్నా, కొలత గుర్తు పెట్టిన డబ్బా ఒక్కటే అక్కడ ఉంచండి.

ఏడో పని: ముందు ఒక ట్రయల్

రోడ్డు మొదలుపెట్టే ముందు నెల రోజుల టైం ఉండాలి. ఆరు క్యూబులు, మూడు బీములు పోయండి. బీమ్ సైజు 150, 150, 700 ఎంఎం. రోడ్డు పలక విరిగేది వంగి, నలిగి కాదు, కాబట్టి క్యూబ్ కంటే బీమే నిజం చెప్తుంది. 600 ఎంఎం స్పాన్ మీద మూడో వంతుల దగ్గర లోడ్ పెడితే 22.5 కిలోన్యూటన్లకి 4 ఎంపీఏ అవుతుంది. 0.7 ఇంటూ రూట్ 30 సూత్రం ప్రకారం ఎం30కి 3.8 రావాలి. విరిగే తీరు కూడా గమనించండి, ఫైబర్ లేని బీమ్ టప్‌మని రెండు ముక్కలవుతుంది, ఫైబర్ సరిగ్గా కలిసినదైతే పగిలాక కూడా వేలాడుతూ కొంత లోడ్ మోస్తుంది. ఆ ముఖాన్ని తెరిచి పోగులు ఎన్ని, ఎలా చెదిరి ఉన్నాయో చూడండి, ఒకే మూల గుంపుగా ఉంటే మిక్సింగ్ మార్చాలి.

ఎనిమిదో పని: పోయడం

రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 35 డిగ్రీలు దాటితే పగలు పోయొద్దు, సాయంత్రం ఐదు తర్వాత మొదలుపెట్టి లైట్లు పెట్టుకుని చేయండి. గాలి ఎక్కువున్న రోజు ఎండ కంటే ప్రమాదం. పక్క చానెళ్లు (అంచులకి పెట్టే అచ్చులు) గట్టిగా బిగించి, అంచుల్లో నీడిల్ వైబ్రేటర్, మొత్తం మీద స్క్రీడ్ వైబ్రేటర్ లాగండి. నీడిల్‌ని ఒకచోట ఎక్కువసేపు ఉంచితే అక్కడి నుంచి పోగులు పక్కకి పోతాయి. మధ్యలో ఎత్తు, అంచులకి వాలు 2 శాతం దగ్గర, నీళ్లు నిలవకుండా.

ఫినిషింగ్‌లో ఫైబర్ పైకి లేచి గడ్డంలా కనిపిస్తే చెక్క తాపీతో అదిమితే సగం పోతుంది. పైన మెరుపు నీళ్లు ఆరాక చీపురు గీతలు గీయండి, అడ్డంగా, ఒకే వైపుకి, చీపురుని బాగా వాల్చి. వెనక్కీ ముందుకీ లాగితే పోగులన్నీ లేస్తాయి. పైన పొడి సిమెంట్ చల్లి నున్నగా రుద్దే అలవాటు మానేయండి, ఆ పొర పెచ్చులుగా లేచిపోతుంది.

తొమ్మిదో పని: జాయింట్లు

3.5 మీటర్లకి ఒక కట్, లోతు 50 ఎంఎం, అంటే మందంలో మూడో వంతు. ఎండాకాలం పోసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో, చలికాలం పన్నెండు దాకా. ముందు ఒక చోట చిన్న కట్ వేసి చూడండి, అంచులు చితికి పోగులు బయటికి లాగుతుంటే ఇంకా పచ్చిగా ఉంది, అర గంట ఆగండి. మరీ ఆగితే రోడ్డు తనకి నచ్చిన చోట తనే పగులుతుంది. సాయంత్రం పోస్తే కట్టింగ్ అర్ధరాత్రి పడుతుంది, మిషన్ వాడు ఉదయం వస్తానంటే ఒప్పుకోవద్దు, వాడు దొరికే రోజే పోత పెట్టుకోండి.

పదో పని: తడి, తాళం, తర్వాత చూపు

చీపురు గీతలు అయిన వెంటనే పాలిథిన్ కప్పండి, మర్నాడు మట్టి గట్లు కట్టి మడుల్లా నీళ్లు నింపండి, 50 ఎంఎం లోతు, 14 రోజులు. పీపీసీ కాబట్టి ఒక్కరోజు కూడా తగ్గించొద్దు. వాలున్న చోట మడులు చిన్నవి చేసుకోండి, లేదా గోనె సంచులు పరచి రోజుకి నాలుగు సార్లు తడపండి. ఊళ్లో అయితే రెండో రోజే ఎవరో ఒకరు బండి దించుతారు, రెండు చివర్లా ముళ్ల కంపే అడ్డం పెడతారో డ్రమ్ములే పెడతారో మీ ఇష్టం. 14 రోజులకి బైకులు, 28 రోజులకి ట్రాక్టర్లు, అదీ బీమ్ రిజల్ట్ చూసుకున్నాకే.

క్యూరింగ్ అయ్యాక జాయింట్లు గాలితో ఊది, ఆరబెట్టి, సీలెంట్ నింపండి. మొదటి వానాకాలం దాటాక ఒకసారి నడిచి చూడండి, చేతిలో రోడ్డు ప్లాన్, పెన్సిల్. కట్ కింద వచ్చిన పగుళ్లు లెక్కలోకి రావు. పలక మధ్యలో వెంట్రుక మందం పగులు కనిపిస్తే తేదీ వేసి రాసి పెట్టుకోండి, ఆర్నెల్లకి మళ్లీ అదే చోట కొలవండి. అర ఎంఎం లోపే ఉంటే పోగులు పట్టి ఉంచాయని అర్థం, వదిలేయండి. పెరిగితే, లేదా పలక పక్కన నిలబడినప్పుడు ట్రాక్టర్ పోతుంటే పలక కదిలినట్టు కాళ్లకి తెలిస్తే, తప్పు స్లాబ్‌లో కాదు, అడుగున నీళ్లు చేరాయి, ముందు పక్క కాలువ తవ్వించండి.